ప్రార్థనలో కొడుకును నిలదీయకండి

ప్రశ్న: మాది కాజీపేట. ఆయనది రైల్వేల షిఫ్టు డ్యూటీ. అత్తమ్మ మాతోనే ఉంటరు. బాబు తొమ్మిదో తరగతి, పాప నాలుగో తరగతి. రోజూ రాత్రి తిన్నంక ముప్పావుగంట కుటుంబ ప్రార్థన చేస్తం. ఈ మధ్య బాబు నడుమల లేచి పోతున్నడు. ఆయన కోపం చేస్తరు. అత్తమ్మ "ఈ ఇంట్ల భక్తి పోయింది" అని ఏడుస్తరు. పిల్లలకు విశ్వాసం ఎట్ల నేర్పాలె?

జవాబు: బాబు సరిగ్గా ఎప్పుడు లేస్తున్నాడో రెండు మూడు రోజులు గమనించండమ్మా. చాలా ఇళ్లలో పిల్లలు వాక్యం చదివేటప్పుడు బాగానే కూర్చుంటారు. "ప్రభువా, వీనికి చదువు మీద బుద్ధి పుట్టించు" అని పెద్దవాళ్లు గొంతెత్తగానే లేస్తారు. ఆ మాట దేవునికి చెప్తున్నట్టే ఉన్నా తగిలేది పక్కనున్న పిల్లవాడికి, అదీ తిరిగి జవాబు చెప్పే వీల్లేని చోట. మార్కులు, ఫోను, స్నేహితుల సంగతులు అందరి ముందు ప్రార్థనలోకి తేవద్దని మీరూ ఆయనా ముందే అనుకోండి. ఎఫెసీ 6:4 తండ్రులకు చెప్పేదీ ఇదే, పిల్లలకు కోపం రేపొద్దని.

పావుగంట చాలు. తిన్నాక పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది, అందుకే తినే ముందు పెట్టుకోండి. ఒక పాట, పది లోపు వచనాలు, ఒక ఇంటి ముచ్చట, రెండు నిమిషాల ప్రార్థన. ఆయన డ్యూటీలో ఉంటే ఎదురుచూడకుండా మీరే నడిపించండి.

ఆదికాండం 37 నుంచి 45 దాకా యోసేపు కథ మొదలుపెట్టండి, నెల దాకా వస్తుంది. 38వ అధ్యాయంలో పెద్దల విషయాలున్నాయి, పాప ఉంది కాబట్టి దాన్ని దాటేయండి. చదివే పని బాబుకివ్వండి, పైకి ప్రార్థించమని మాత్రం బలవంతం వద్దు. "ఏం నేర్చుకున్నవ్?" అనడిగితే ఏ పిల్లవాడైనా ముఖం ముడుస్తాడు. "యాకోబు ఒక్క కొడుక్కే నిలువుటంగీ కుట్టించుడు సరైందేనా?" అనడగండి. వాడు తండ్రినే తప్పుపట్టినా పట్టనివ్వండి.

ఇంటి ముచ్చట అత్తమ్మ వంతు. "దేవుడు మమ్మల్ని ఎన్నడూ విడువలే" అని ఊరుకుంటే పిల్లల చెవికెక్కదు. అది ఏ ఏడు, బియ్యం ఎవరిచ్చిన్రు, అప్పెంత, ఎవరు తీర్చిన్రు, ఆ రాత్రి ఏమని ప్రార్థించిన్రు అని ఒక్కొక్కటే అడిగి చెప్పించండి. పాప వాటిని నోటుపుస్తకంలో రాస్తుంది. మీ పెద్దలకు డోర్నకల్ సంఘంతో సంబంధం ఉంటే ఒక ఆదివారం రైలెక్కి అందరూ వెళ్లి రండి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు అజరయ్య పనిచేసిన ఊరది. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్ ముందు నిలబడి నాయనమ్మ చెప్పే ముచ్చటకు బలం ఎక్కువ.

ఒక్క జాగ్రత్త. "ప్రార్థించినం, దొరికింది" అనే ముచ్చట్లే చెప్తే, రేపు తను అడిగింది దొరకనప్పుడు బాబు దేవుడు లేడనో, తన భక్తి చాలలేదనో అనుకుంటాడు. దొరకనివీ, పోయినవాళ్లవీ చెప్పాలి. హెబ్రీ 11లో కత్తి నుంచి తప్పించుకున్నవాళ్లూ ఉన్నారు, మూడు వచనాల తర్వాత కత్తికి బలైనవాళ్లూ ఉన్నారు. ఇద్దరినీ విశ్వాసులనే అంటుంది. అన్నట్టు, సంఘంలో నిలబడి కొడుకు గురించి సాక్ష్యం చెప్పాలంటే ముందు వాణ్ని అడగండి. ఈ వయసు పిల్లలు దాన్ని ఏళ్ల తరబడి మరిచిపోరు.

రెండు వారాలకు పైగా నిద్ర, తిండి తగ్గి, స్నేహితులకూ దూరమైతే దాన్ని భక్తిలేనితనం కింద కట్టకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక అత్తమ్మ. "ప్రార్థన తగ్గించినం" అంటే ఆమె మనసు కష్టపెట్టుకుంటారు. "పిల్లలకు మీ ముచ్చట్లు కావాలె అత్తమ్మా, మీరే చెప్పాలె" అనండి. ఆ ముప్పావుగంట ప్రార్థన ఆమె మానాల్సిన పనిలేదు. తన గదిలో చేసుకుంటారు. వినాలనిపించిన రోజు పిల్లలే వెళ్లి కూర్చుంటారు.