చమురు ఒడ్డు చేరకముందే

చిన్నా,

సముద్రంలో చమురు తెట్టు పడితే మన ఊరి ఒడ్డున పనులు నడిపించే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వచ్చే నెల మాక్ డ్రిల్ కూడా నీ చేతి మీదుగానే జరగాలట. గ్రామ మత్స్య సహాయకుడిగా చేరి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే నిన్ను నమ్మి ఇంత పని ఇచ్చారంటే నాకు గర్వంగానే ఉంది. నేను రిటైరైన శాఖలోనే మన పిల్లవాడు నిలబడ్డాడు. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఎవరు కేక వేసినా ముందు దూకి తర్వాత ఆలోచించే మనిషివి నువ్వు. ఈ పనిలో అది పనికిరాదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఓపిగ్గా చదువు.

అందరికీ తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. చమురు కనిపించిందని ఎవరు చెప్పినా కోస్ట్ గార్డ్‌కి 1554లో చెప్పు, వెంటనే కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కి చెప్పు. సముద్రం మీద పని కోస్ట్ గార్డ్‌ది. 1996లో చమురు ప్రమాదాల కోసం జాతీయ ప్రణాళిక వచ్చినప్పటి నుంచీ అదే పద్ధతి. ఒడ్డుకు చేరిన చమురు మాత్రం జిల్లా యంత్రాంగం, కాలుష్య నియంత్రణ మండలి చూసుకోవాలి. అంటే చివరికి నీలాంటి వాళ్ళ మీదే పడుతుంది. తెట్టు ఎటు పోతుందో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అంచనా వేసి ఇస్తుంది. అది చేతికి వచ్చేలోపు నీ లెక్క నువ్వు వేసుకో. చమురు నీటి వాలుతో, అంటే సముద్రంలో నీరు పారే దిక్కుతో పాటు పోతుంది, దానికి తోడు గాలి వేగంలో నూటికి మూడు వంతులు కలుస్తుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి ఉంటే గంటకు 600 మీటర్లు గాలే నెడుతుందన్నమాట. వాలు సంగతి మన ముసలి సరంగులను అడుగు. వాళ్ళకు తెలిసినంత ఏ స్క్రీన్ మీదా కనిపించదు.

ఇక చెన్నై పక్కనున్న ఎన్నూరు గురించి చెప్పాలి. నేను నీకు చెప్పాలనుకున్న అసలు మాట అదే.

2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరు పోర్టు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. ఒకటి గ్యాస్ దించి వెళ్తున్నది, రెండోది పెట్రోలియం సరుకుతో లోపలికి వస్తున్నది. బయటికి కారింది ఓడ ఇంజన్‌కు వాడే చిక్కటి నల్ల ఇంధనం. ఆ రోజు వచ్చిన మొదటి ప్రకటన మాత్రం చమురు కాలుష్యం ఏమీ లేదని చెప్పింది. తర్వాత ఒప్పుకున్నారు, అంచనా రోజురోజుకూ పెరుగుతూ పోయింది. ఈలోపు తెట్టు దక్షిణంగా జారి ఎర్ణావూరు ఒడ్డున కోతకు అడ్డంగా వేసిన బండల మధ్య చిక్కుకుంది. ఇంకొంత మెరీనా దాటి కిందికి పోయింది.

అప్పుడు నేను పురిటి సాయానికి మీ అక్క ఇంట్లో, చెన్నైలో ఉన్నాను. మనసు ఆగక ఎర్ణావూరు వెళ్ళాను. ఆ వాసన పెట్రోలు బంకు దగ్గర వచ్చే లాంటిది కాదు, గొంతులో దిగి కూర్చుంటుంది. బండల మధ్య చమురు అలల్లో నలిగి నీటిని కలుపుకుని చాక్లెట్ రంగు ముద్దలా తయారైంది. అలా నీరు కలిసిందంటే మూడు నాలుగింతలు ఉబ్బుతుంది, తర్వాత పైపులతో లాగితే రాదు. పెద్ద పెద్ద యంత్రాలు తెచ్చారు, అవి లాగలేక మూలిగాయి. అప్పుడు మనుషులు దిగారు. కాలేజీ పిల్లలు, మత్స్యకారులు, కోస్ట్ గార్డ్ వాళ్ళు వరసగా నిలబడి బకెట్లు అందించుకున్నారు. ఒక కుర్రాడు చేతులకు పాలిథిన్ సంచులు తొడిగి మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకున్నాడు. బకెట్ పిడి జారి సగం ముద్ద మళ్ళీ కడిగిన బండ మీదే పడింది. వాడు ఏడుపు ముఖంతో మళ్ళీ వంగి చేతుల్తోనే ఎత్తాడు. వాణ్ణి తప్పు పట్టే అర్హత ఎవరికీ లేదు.

తప్పు ఆ పిల్లలు రాకముందే జరిగిపోయింది. లేదని ఒకసారి అన్నాక, లేని దాని కోసం చేతొడుగులు ఎవరు తెప్పిస్తారు? తోడింది ఎక్కడ పోయాలో గొయ్యి ఎవరు తవ్విస్తారు? చమురు నీళ్ళలా పల్చగా ఉన్న గంటలన్నీ మాటల్లో పోయాయి. అది ముద్ద కట్టాక పిలుపు వెళ్ళింది. వందల మంది వచ్చారు, వాళ్ళను ఎక్కడ నిలబెట్టాలో చెప్పేవాళ్ళు లేరు.

అందుకని నీ నోటి నుంచి మొదటి గంటలో రావాల్సిన మాట ఇప్పుడే కంఠస్థం చేసుకో: "చమురు కనిపించింది. ఎంతో ఇంకా తెలియదు. మనుషులను పంపాం, రెండు గంటల్లో మళ్ళీ చెబుతాం." అంతే. ఎంత కారిందో తేలేదాకా ఆగితే ఎప్పటికీ నోరు విప్పలేవు. పై అధికారి ఎవరైనా కాస్త ఆగి చెబుదాం అంటే, నువ్వు చూసిన టైము, చోటు కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపెయ్. ఆ తర్వాత వాళ్ళ ఇష్టం.

పిలుపు ఇవ్వకముందు గొయ్యి ఉండాలి. పోటు నీరు అందని చోట, మంచినీళ్ళ బావులకు దూరంగా, అడుగున దళసరి ప్లాస్టిక్ పరిచిన గొయ్యి. పల్చటి చమురు ఒకచోట, చమురు పట్టిన ఇసుక ఒకచోట, పాడైన వలలు, చేతొడుగులు, గడ్డి ఇంకోచోట. అన్నీ కలిపేస్తే తర్వాత ఎవరూ తీసుకెళ్ళరు, అది మన ఊళ్ళోనే ఉండిపోతుంది. ఆ స్థలం ఏదో, ఎవరిదో, వీఆర్వోతో ఇప్పుడే మాట్లాడి రాయించుకో.

పొక్లెయిన్ల సంగతి ఇంకా ముఖ్యం. చమురు కనబడగానే ఎవరో ఒకరు ఉత్సాహంగా రెండు మిషన్లు పంపుతారు. ఒడ్డు మీదకు దిగనివ్వకు. అవి పైన ఉన్న వేలెడు చమురు కోసం అడుగు లోతు మంచి ఇసుక ఎత్తేస్తాయి, మిగిలినదాన్ని టైర్లతో కిందికి తొక్కేస్తాయి. కారిన చమురుకు 30 రెట్ల వరకు చెత్త తయారైన చోట్లు ఉన్నాయి. వేరే ఊళ్ళో అయితే అది ఖర్చు మాత్రమే. మన ఊళ్ళో ఇసుకంటే ఏమిటో నీకు చెప్పాలా? మీ అమ్మా నేనూ పుట్టిన ఉప్పాడ ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉంది. నేను ఆడుకున్న వీధి ఎక్కడుండేదో చూపించాలంటే నీళ్ళ వైపు వేలు పెట్టాలి. ఆ ఒడ్డు నుంచి లారీల కొద్దీ ఇసుక పట్టుకుపోతే చమురు చేయలేని పని మనమే చేసినట్టు. చదును పారలతో, మనుషులతో, పైపొర మాత్రమే తీయించు. రెండు రోజులు ఎక్కువ పట్టనీ. ఆలస్యమైందని నిన్ను తిడతారు. పడు.

సబ్బు పొడులు, మందులు చల్లుదామని ఎవరన్నా వస్తే కోస్ట్ గార్డ్ అనుమతి కాగితం అడుగు. లోతు తక్కువ నీళ్ళలో, మడ అడవి పక్కన అసలే వద్దు. 1967లో ఇంగ్లండ్ తీరంలో టోరీ కాన్యన్ ఓడ పగిలినప్పుడు డిటర్జెంట్లు కుమ్మరించారు. ఒడ్డున ఉండే జీవాలకు చమురు కన్నా అవే ఎక్కువ చేటు చేశాయని తర్వాత తేలింది.

ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర మాత్రం ఆలస్యం చేయకు. చమురు ఉప్పుటేరులోకి దూరి కోరింగ మడ చెట్ల శ్వాస వేళ్ళకు పట్టుకుందంటే తర్వాత చేయగలిగింది చాలా తక్కువ. అక్కడికి పదిమందిని దింపి కడిగిస్తే బురదలోకి తొక్కడమే అవుతుంది. అందుకే మొగలోనే ఆపాలి. చమురును ఆపడానికి నీటి మీద తేలేటట్టు వేసే అడ్డు, అదే బూమ్‌ను నీటికి అడ్డంగా గోడలా కట్టకు. మనిషి నింపాదిగా నడిచే వేగంలో మూడో వంతు వాలు ఉన్నా చాలు, చమురు కిందనుంచి జారిపోతుంది. ఏటవాలుగా కట్టి, ఒక పక్క నీరు నిదానంగా ఉండే ఒడ్డుకు చమురు చేరేటట్టు చెయ్యి, అక్కడ తోడించు. బూమ్‌లు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. పాత వలల్లో కోనసీమ కొబ్బరి పీచు, ఎండుగడ్డి కూరి తాళ్ళతో కట్టినా కొంత పీలుస్తుంది. నాని మునిగిపోకముందే లాగేసి కొత్తవి వెయ్యాలి, అది మర్చిపోతే నీళ్ళ అడుగున ఇంకో చెత్త.

పని చేసేవాళ్ళు గాలికి ఎదురు రాకుండా, గాలి వీపుకు తగిలేటట్టు నిలబడాలి. కొత్తగా కారిన చమురు ఆవిరి మొదటి రోజుల్లోనే ఎక్కువ. గర్భిణులను, పిల్లలను రానివ్వకు. ఒంటికి అంటితే కిరసనాయిలు రాయనివ్వకు, వంటనూనెతో తుడిచి సబ్బుతో కడగమను. నీకు చిన్నప్పటి నుంచి ఆయాసం. దగ్గరికి వెళ్ళొద్దు నాన్నా. నువ్వు తోడే ఒక బకెట్ కన్నా టెంటు కింద కూర్చుని నువ్వు రాసే రిజిస్టర్ ఊరికి ఎక్కువ అవసరం. ఇది నీ మీద ప్రేమతో చెప్పే సాకు కాదు, నిజంగానే అవసరం. ఎందుకో చెబుతాను.

నష్టపరిహారం రోజు వస్తుంది. ఓడ తరఫు బీమా వాళ్ళ సర్వేయర్లు వచ్చి కాగితాలు అడుగుతారు. బోటు ఓనర్ల పేర్లు ఎలాగూ లైసెన్సుల్లో ఉంటాయి. గంప నెత్తిన పెట్టుకుని అమ్మే ఆడవాళ్ళు, చేపలు ఎండబెట్టేవాళ్ళు, ఏట్లో దిగి పీతలు పట్టేవాళ్ళు ఏ కాగితంలో ఉంటారు? 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదతో ఎన్నూరు ఏట్లోకి చమురు చేరినప్పుడు చేతుల్తో రొయ్యలు పట్టి బతికేవాళ్ళ పనే ముందు ఆగిపోయింది. అలాంటివాళ్ళ పేర్లు ఇప్పుడే, ఏ ప్రమాదం లేనప్పుడే, వీధి వీధికీ వెళ్ళి రాసుకో. రోజూ ఎంత అమ్ముతారో, ఎక్కడ అమ్ముతారో, ఆధార్, ఫోన్ నంబరు. ఆడవాళ్ళు మొదట నవ్వి పొమ్మంటారు, మీ అమ్మను వెంటబెట్టుకెళ్ళు. చమురు వచ్చిన రోజు నుంచి ఒడ్డు ఫోటోలు తేదీ, టైము పడేటట్టు తీయించు. శుభ్రం చేయకముందువి కూడా తీయించు, ఆ తొందరలో అందరూ మర్చిపోయేది అదే. వచ్చిన ప్రతి మనిషి పేరు, పని గంటలు, వాడిన ప్రతి లీటరు డీజిల్ రాయించు.

ఈ ఆదివారం మాక్ డ్రిల్ ప్లాన్, మండలం మ్యాపు పట్టుకుని మా ఇంటికి రా. అందులో పోటు నీళ్ళప్పుడే తెరుచుకునే చిన్న మొగలు ఉండవు. అవి ఎక్కడున్నాయో గుర్తున్నంత వరకు నేను పెన్సిల్‌తో గీసిస్తాను. తర్వాత మనిద్దరం బోటు మాట్లాడుకుని వెళ్ళి చూసొద్దాం. ఎండ ఎక్కకముందే బయల్దేరాలి, ఆరింటికల్లా వచ్చెయ్.

మీ పెద్దమ్మ