విజిల్ పోడు వింటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి

ప్రశ్న: మాది పెరంబూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు నేను బడిపిల్లని. చెన్నై సూపర్ కింగ్స్ మ్యాచ్ ఉందంటే నేనూ తమ్ముడూ ఆ జట్టు పాట 'విజిల్ పోడు' (తమిళంలో 'ఈల వెయ్యి' అని) అందుకుని ఇల్లు పీకి పందిరేసేవాళ్లం. ఆ పాట ఇప్పుడు విన్నా కళ్లు చెమరుస్తాయి. మావారిది హైదరాబాద్. 'వ్యాపారం కోసం వాడుకునే నినాదానికి ఇంత అభిమానమేంటి' అంటారు. నాది మరీ పిచ్చా?
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: పిచ్చేం కాదమ్మా. జట్టూ వ్యాపారమే, నినాదమూ వ్యాపారమే, మీవారి మాటలో అంతవరకు నిజముంది. కానీ చెన్నైకి ఈల ఐపీఎల్‌తో రాలేదు, ఇక్కడ పెద్ద హీరో సినిమా మొదటి ఆట చూసినవాళ్లెవరినడిగినా చెబుతారు. ఊళ్లో ఉన్నదాన్నే జట్టు అందుకుంది. పైగా అది పిల్లల్ని అడిగేది ఒక్కటే, ఈల వెయ్యమని. తమిళం సరిగ్గా రాని తెలుగు పిల్లలు కూడా పక్కింటివాళ్లతో సమానంగా వెయ్యొచ్చు. నోట్లో వేళ్లు పెట్టి వెయ్యడం రాకపోతే స్టేడియం బయట ప్లాస్టిక్ విజిళ్లు దొరికేవి. లోపలి చిన్న గోళీ కాసేపటికి ఉమ్ముకి తడిసి అతుక్కుపోయేది, విదిలించి, చొక్కాకి తుడిచి మళ్లీ ఊదడమే. మీ తమ్ముడి దగ్గరా ఒకటి ఉండే ఉంటుంది, మీ అమ్మగారు దాన్ని బీరువా మీద దాచే ఉంటారు.

ఇంకో సంగతి. 2016, 2017ల్లో జట్టు మీద నిషేధం, అసలు ఆటే లేదు. వట్టి వ్యాపారమే అయితే జనం ఆ రెండేళ్లలో మర్చిపోవాలి కదా? 2018లో తిరిగొచ్చి చెన్నైలోని చెపాక్ స్టేడియంలో ఒక్క మ్యాచ్ ఆడిందో లేదో, కావేరి నీళ్ల ఆందోళనలతో మిగతావి పుణెకి మారిపోయాయి. అప్పుడు అభిమానుల కోసం ప్రత్యేక రైలు వేశారు, పేరు విజిల్ పోడు ఎక్స్‌ప్రెస్. వేసింది కంపెనీయే, కానీ పనులు మానుకుని అంత దూరం వెళ్లింది మాత్రం వెయ్యి మంది దాకా మామూలు జనం. ఆ ఏడాదే మన అంబటి రాయుడు చెన్నై పసుపు జెర్సీలో 602 పరుగులు చేశాడు, సెంచరీ కొట్టింది హైదరాబాద్ మీదే. ఫైనల్లో కూడా ఈ రెండు జట్లే తలపడ్డాయి, కప్పు చెన్నైకి వచ్చింది.

వాదించి ఒప్పించాలని చూడకండి. హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ చెపాక్‌కి వచ్చినప్పుడు మీవారిని నారింజ జెర్సీలోనే తీసుకెళ్లండి, ఆ ఈలల మధ్య కూర్చుంటే మీకేమవుతుందో ఆయనే చూస్తారు. టికెట్లు మాత్రం ముందే కొనుక్కోండి, ఇట్టే అయిపోతాయి.