జైనుల లెక్కలో మనం ఏ యుగంలో ఉన్నాం?

తిరుమలలో సంకల్పం చెప్పేటప్పుడు "శ్వేతవరాహకల్పే... కలియుగే" అంటారు కదా, జైనులకూ ఇలాంటి లెక్క ఉందా అని అడిగారు. ఉంది, కానీ దారి వేరు.

వాళ్ల దృష్టిలో లోకాన్ని ఎవరూ సృష్టించలేదు, అది పూర్తిగా నశించదు కూడా. కాళ్లు ఎడంగా పెట్టి, నడుముపై చేతులు ఆనించి నిలబడ్డ మనిషి ఆకారం దానిది. కింద ఏడు నరకాలు, నడుము దగ్గర మనం, పైన స్వర్గాలు, కొసన ముక్తి పొందిన సిద్ధులు.

కాలం బండిచక్రంలా తిరుగుతుంది. సుఖం, ఆయుష్షు, ధర్మం తగ్గుతూ దిగే సగం అవసర్పిణి, అవి పెరుగుతూ ఎక్కే సగం ఉత్సర్పిణి; చక్రానికి ఆకుల్లా ఒక్కోదానికి ఆరు అరలు, అంటే కాలభాగాలు. మనది అవసర్పిణిలో ఐదోది. మహావీరుడి నిర్వాణం తర్వాత నాలుగేళ్లలోపే మొదలైంది, నిడివి 21,000 ఏళ్లు. గడిచింది సుమారు 2,500. ఇంకా దిగాల్సిందే! చిత్రమేమిటంటే, ఈ ఎత్తుపల్లాలు మనుషులుండే లోకంలో భరత (మనం ఉన్నది), ఐరావత అనే క్షేత్రాలకే. మహావిదేహం అనే మరో క్షేత్రంలో కాలం అలా మారదు, అక్కడ తీర్థంకరులు (మహావీరుడిలా ముక్తిమార్గం చూపేవాళ్లు) ఇప్పటికీ ఉన్నారంటారు.