అందరూ ఏఐ అంటుంటే మా వాడు కాలింగ్ సర్వర్లంటాడు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ ఫైనల్ ఇయర్. కంపెనీలు వాడే మెసేజింగ్, ఇంటర్నెట్ కాలింగ్ సర్వర్లకి అప్లికేషన్లు రాసే పనిలోకి వెళ్తాడట. రాత్రుళ్ళు పాత లాప్‌టాప్‌లో ఆస్టరిస్క్ అని ఏదో కాలింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, రెండు ఫోన్లతో హలో హలో అంటూ కూర్చుంటాడు. మొన్న ఒకవైపే వినిపిస్తోందని, 192.168 అని గొణుక్కుంటూ రెండు రాత్రులు నిద్రపోలేదు. అది పాత పని అనిపించి, ఏఐ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోలుస్తాను సార్, కానీ మీ అసలు బాధ అది కాదు. మీ వాడేం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నారు, అంతే. ఒకప్పుడు జావా అని, తర్వాత క్లౌడ్ అని ఇదే ప్రశ్న ఎంతమంది అడిగారో.

ఆ 192.168 సంగతి చెప్తా వినండి. ఫోన్ 192.168తో మొదలయ్యే తన ఇంటి లోపలి నెట్‌వర్క్ అడ్రస్‌నే కాల్ వివరాల్లో రాసి పంపుతుంది, అవతలి సర్వర్ మాటలన్నీ ఆ అడ్రస్‌కే పంపుతుంది, అది బయటినుంచి అందేది కాదు కాబట్టి రింగవుతుంది, ఎత్తుతారు, ఒక చెవికి నిశ్శబ్దం. ఈ ఫీల్డ్‌లో అందరూ కనీసం ఒక్కసారైనా పడే గుంట ఇది, మీ వాడు ఎవరూ చెప్పకుండానే దాని అంచుదాకా వెళ్ళాడు. మీరేమో నిద్ర పాడు చేసుకుంటున్నాడని కంప్లైంట్ చేస్తున్నారు!

పాత పని అన్నది కూడా సగమే నిజం. పోయేవి ప్రొడక్ట్‌లు. ఆఫీసుల్లో కాల్స్‌కి, మెసేజ్‌లకి వాడిన స్కైప్ ఫర్ బిజినెస్ ఆన్‌లైన్‌ని మైక్రోసాఫ్ట్ 2021 జూలై 31న ఆపేసింది, దాని బటన్లు మాత్రమే నేర్చుకున్నవాళ్ళు ఇబ్బంది పడ్డారు, కింద ఉన్న సిప్, అంటే కాల్ కలిపే, తెంపే నియమాలు, తెలిసినవాళ్ళు దాని స్థానంలో వచ్చిన టీమ్స్ దగ్గర కూడా అదే సిప్‌తో పని చేసుకుంటున్నారు. ఇప్పుడు వాడే సిప్ స్టాండర్డ్ 2002 నాటిది, మెసేజింగ్‌కి వాడే ఎక్స్‌ఎంపీపీ మొదటి స్టాండర్డ్ పత్రాలు 2004వి. అయితే ఒకటి, ఓపెనింగ్స్ తక్కువే, చాలా కంపెనీలు రెడీమేడ్ క్లౌడ్ సర్వీస్ కొనేసుకుంటాయి, పైగా సర్వర్ పడిపోతే అర్ధరాత్రి లేపుతారు.

ఇక ఏఐ. సబ్జెక్ట్ మీద నాకేం కోపం లేదు, ఆర్నెల్ల కోర్సుల మీదే అనుమానం. వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్ నోట్‌బుక్‌లో రన్ నొక్కి సర్టిఫికెట్ పట్టుకొచ్చినవాళ్ళని మోడల్ ఎందుకలా చెప్పిందని అడిగితే నా మొహం చూస్తారు. గణితం మీద ఇష్టం ఉంటే సరే, పక్కింటివాళ్ళు చేర్పించారని మాత్రం వద్దు. ఇంకో సంగతి, ఫోన్‌లో మాట్లాడే ఏఐ బాట్‌కి కూడా గొంతు ఎవరో ఒకరు మోసుకెళ్ళి ఇవ్వాలి, మామూలుగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోమంటుంది ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ. అది చూసుకునేది మీ వాడిలాంటివాళ్ళే.

వాడిని నెట్‌వర్క్‌లో వెళ్ళే డేటాని చూపించే వైర్‌షార్క్‌లో సిప్ మెసేజ్‌లు చదవమనండి, సర్వర్లకి రాసే ప్రోగ్రామింగ్ భాష ఒకటి గట్టిగా పట్టమనండి, బ్రౌజర్‌లోంచే కాల్స్ మాట్లాడించే వెబ్‌ఆర్‌టీసీతో చిన్న ప్రాజెక్ట్ ఒకటి పూర్తి చెయ్యమనండి. కోర్సు ఫీజు ఇప్పుడే కట్టకండి. ఈ రాత్రికి ఆ రెండో ఫోన్ మీరు పట్టుకుని పక్క గదిలో కూర్చోండి, వినిపిస్తోందో లేదో చెప్పేవాళ్ళు లేకే వాడు అటూ ఇటూ పరిగెడుతున్నాడు.