టెక్సస్ సరిహద్దులో కతోలిక వాలంటీర్లతో వారం రోజులు పనిచేయాలంటే ఏం పట్టుకెళ్ళాలి?

ఒకరు అడిగింది ఇదీ: "హ్యూస్టన్‌లో ఉంటాం. మా ప్రార్థన కూటమి నుంచి ఆరుగురం మెకాలెన్ వెళ్ళి పేద కుటుంబాలకి సాయం చేద్దామనుకుంటున్నాం. రెండు వ్యాన్ల నిండా పాత బట్టలు పోగయ్యాయి. ఇంకా ఏం కావాలి?"

ముందు ఆ రెండు వ్యాన్లూ దించేయండి. మెకాలెన్ మెక్సికో సరిహద్దు ఊరు. నది దాటి వచ్చినవాళ్ళుండే అక్కడి ఆశ్రయాల్లో బట్టలకి కరువు లేదు, సైజులకే కరువు. గ్వాటెమాలా, హోండురాస్ పల్లెల నుంచి వచ్చే మగవాళ్ళకి నడుము 28, 30 ఉంటుంది. మన ఇళ్ళలోంచి వచ్చేవేమో 36, 38. పోనీ బెల్టుతో బిగించుకుంటారా అంటే బెల్టే ఉండదు. సరిహద్దు కాపలా పోలీసుల (బోర్డర్ పెట్రోల్) కస్టడీలో బెల్టులూ షూ లేసులూ తీసేసుకుంటారు, వదిలేటప్పుడు చాలామందికి అవి తిరిగి రావు. అందుకే ఆశ్రయం గుమ్మంలోకి వచ్చేవాళ్ళ బూట్లు నాలుక బయటపెట్టి టపటపలాడుతుంటాయి. లేసులు కొనండి: పెద్దవాళ్ళకి 45 అంగుళాలవి, పిల్లలకి 36 అంగుళాలవి. లోదుస్తులు కొత్తవే, చిన్న సైజులవే. మెకాలెన్ ఎండకి కోట్లెందుకని పక్కన పడేయకండి. వాళ్ళలో చాలామంది బస్సెక్కి చలి రాష్ట్రాలకి పోయేవాళ్ళే. కలగాపులగం మూటలు మాత్రం వద్దు. ఒక్కో మూట విప్పి వేరుచేయడానికి ఇద్దరు మనుషులు కూర్చోవాలి, ఆ ఇద్దరూ వంటగదిలో ఉండాల్సినవాళ్ళు.

అక్కడి హ్యుమానిటేరియన్ రెస్పైట్ సెంటర్ అనే ఆశ్రయం 2014 జూన్‌లో సేక్రెడ్ హార్ట్ గుడి హాల్లో మొదలైంది. నడిపింది సిస్టర్ నోర్మా పిమెంటెల్ ఆధ్వర్యంలోని కతోలిక చారిటీస్. సరిహద్దు దగ్గర లోపలికి రావడానికి ఫోన్‌లో సీబీపీ వన్ అనే ప్రభుత్వ యాప్ ద్వారా ఇచ్చే అపాయింట్‌మెంట్లు 2025 జనవరిలో ఆపేశాక ఇలాంటి ఆశ్రయాలకి వచ్చేవాళ్ళు బాగా తగ్గిపోయారు. కాబట్టి ఫోన్ చేసి, "ఇప్పుడు ఎవరికి, ఏం కావాలి?" అని అడక్కుండా బయలుదేరొద్దు.

పని విషయానికొస్తే, అందరూ గరిటె పట్టుకుంటామంటారు. చేతులు తక్కువయ్యేది బంధువుల ఊళ్ళకి బస్సు టికెట్లు తీసిచ్చే బల్ల దగ్గర. ఒక తండ్రి, ఆరేళ్ళ పాప వచ్చి కూర్చున్నారనుకోండి. చేతిలో ఇమిగ్రేషన్ కోర్టు కాగితం, చిన్న చీటీ మీద బావమరిది ఫోన్ నంబరు. నేరుగా కాల్ చేస్తే ఆయన ఎత్తడు, తెలియని నంబరు కదా. ముందు స్పానిష్‌లో మెసేజ్ పెట్టి, రెండు నిమిషాలాగి చేయాలి. టికెట్ డబ్బు సాధారణంగా ఆయనే కడతాడు. ప్రయాణం చేసేవాళ్ళ పేరు మాత్రం కాగితంలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. స్పానిష్ పేర్లలో తండ్రి ఇంటిపేరు ముందు, తల్లి ఇంటిపేరు తర్వాత వస్తాయి. చివరిదే ఇంటిపేరనుకుని టికెట్ తీస్తే బస్సు దగ్గర పేచీ. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వచ్చి తిప్పలుపడ్డ తెలుగువాళ్ళకి ఇది వేరే చెప్పాలా!

ఇంకో చిక్కు: ఆ తండ్రి అన్నిటికీ "సీ, సీ" (అవును, అవును) అని తలూపుతున్నాడంటే స్పానిష్ కూడా అంతంతమాత్రమేమో చూసుకోవాలి. గ్వాటెమాలా కొండల్లో మామ్, కెక్చీ లాంటి భాషలే ఇంటి భాషలు. బస్సు మారే ఊళ్ళని వేలితో మ్యాపు మీద చూపించి, తిరిగి ఆయన చేతే చూపించమనాలి. తర్వాత పెద్ద కవరు మీద "నాకు ఇంగ్లీషు రాదు, నేను ఎక్కాల్సిన బస్సు ఏదో చెప్పండి" అని ఇంగ్లీషులో లావుగా రాసి, బస్సు మారే ఊళ్ళు, టైములు కింద వేసి, కాగితాలన్నీ అందులో పెట్టాలి. ఎక్కడున్నారో ప్రభుత్వం చూసుకునే మానిటర్ కాలికి ఉంటే అది రోజూ గంటల తరబడి ఛార్జింగులో ఉండాలి, కాబట్టి ప్లగ్గు దగ్గరే కూర్చోబెట్టండి. దారికిచ్చే శాండ్‌విచ్‌లలో మయొనీజ్ వద్దు, రెండు రోజుల ప్రయాణంలో పాడవుతుంది. అడ్రసు మారితే ఐదు పనిదినాల్లో ఈఓఐఆర్-33 ఫారం కోర్టుకి పంపాలని చెప్పొచ్చు. అంతకుమించి కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడొద్దు, అది లాయర్ల పని. జాలిపడి మీ కారులో ఎవరినీ ఎక్కించుకోవద్దు.

మీ కాగితాలు కూడా మర్చిపోకండి. మెకాలెన్ నుంచి 281 హైవే మీద తిరిగొచ్చేటప్పుడు ఫాల్‌ఫూరియస్ చెక్‌పోస్టులో ప్రతి కారునీ ఆపుతారు. గ్రీన్‌కార్డో, పాస్‌పోర్టూ ఐ-94ఓ (దేశంలోకి వచ్చిన రికార్డు) దగ్గరుండాలి. వీసా స్టాంపు గడువు దాటినవాళ్ళు సరదాకి మెక్సికోలోని రెనోసాకి వెళ్ళే వంతెన దాటొద్దు.

పిల్లలతో ఫొటోలు దిగొద్దని విడిగా చెప్పాల్సిరావడమే సిగ్గుచేటు. అయినా ప్రతి గుంపులో ఒకరు ఫోన్ తీస్తారు.

అసలు మాట ఇంకోటుంది. సరిహద్దు పేదలంటే నది దాటి వచ్చినవాళ్ళే అనుకుంటారు. మెకాలెన్ చుట్టూ కొలోనియాలనే పేద కాలనీల్లో తరతరాలుగా ఉంటున్నవాళ్ళని ఎవరూ చూడరు. టెక్సస్‌లో ఇలాంటివి రెండు వేలకు పైనే. నీళ్ళు, మురుగు కాలవ లేని పొలాన్ని ముక్కలుచేసి వాయిదాల మీద అమ్మేశారు. పాత ఒప్పందాల్లో చివరి వాయిదా కట్టేదాకా పట్టా చేతికొచ్చేది కాదు, మధ్యలో ఆగితే స్థలమూ పోయేది, దాని మీద కట్టుకున్న ఇల్లూ పోయేది. గట్టి వాన పడితే సెప్టిక్ ట్యాంకు పొంగి వాకిట్లోకొస్తుంది.

అక్కడికి వెళ్ళాలంటే పేదల ఇళ్ళకి వెళ్ళి సాయం చేసే కతోలిక సంస్థ, విన్సెంట్ డి పాల్ సభవాళ్ళ పద్ధతి నేర్చుకోండి. ఇంటికి ఇద్దరేసి వెళ్తారు, ఒంటరిగా ఎప్పుడూ కాదు. ఒకరు మాట్లాడతారు, ఒకరు రాసుకుంటారు. నగదు చేతికివ్వరు, చెక్కు నేరుగా కరెంటు కంపెనీకో ఇంటి ఓనరుకో వెళ్తుంది. బిల్లులో మొత్తం కంటే ముందు కనెక్షన్ కోసే తేదీ చూడాలి, చెక్కు చేరేలోపు ఆ తేదీ దాటిపోతుందనుకుంటే ముందు కంపెనీకి ఫోన్ చేసి గడువు అడగాలి. మీరు ఎండలు మండే ఆగస్టులో వెళ్తుంటే బియ్యం మూటకంటే ముందు ఆ కరెంటు బిల్లే అడగండి. ఫ్రిజ్ ఆగిపోయిన ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్ళు ఉన్నారేమో కూడా కనుక్కోండి.