డబ్బు దారిలో ఉండగా రెండోసారి పంపకు

చి॥ బాబుకి,
పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు గుణుపురంలో వాన, ఇక్కడ మీ అత్తయ్య మిక్సీ. సగం మాటలే వినపడ్డాయి. నాకు అర్థమైంది ఇది: పలాస జీడిపప్పు షావుకారికి రాత్రి 8 దాటాక రూ.40,000 పంపావు. నీ ఖాతాలో కోసుకున్నారు, ఆయనకి చేరలేదు. డబ్బు పడితేగానీ డబ్బాలు బండెక్కించనన్నాడు. టెన్షన్‌లో 9 దాటాక ఇంకోసారి కొట్టావు. తెల్లారి చూస్తే రెండూ ఆయన ఖాతాలో ఉన్నాయి. ఇప్పుడు "వచ్చే సరుకులో సర్దుకుందాంలే" అంటున్నాడు. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు. కానీ నీ పెట్టుబడి ఆయన గల్లాలో కూర్చుంది కదా!

నువ్వు పంపిన మెసేజ్‌లో నెఫ్ట్ అని ఉంది, అంటే ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకి విడతలవారీగా డబ్బు పంపే పద్ధతి. అసలు సంగతి అక్కడే ఉంది. నెఫ్ట్ మన నౌపడ–గుణుపురం రైలు లాంటిది. నువ్వు స్టేషన్‌కి ఎప్పుడొచ్చినా బండి దాని టైముకే కదులుతుంది. అరగంటకొక బండి చొప్పున రోజుకి 48. నువ్వు 8:05కి పంపిన డబ్బు 8:30 బండి ఎక్కిందనుకో. ఆ బండి లెక్క తేలాక ఖాతాలో వేయడానికో, వేయలేకపోతే తిప్పి పంపడానికో అవతలి బ్యాంకుకి రెండు గంటల గడువుంది. అంటే 10:30 దాకా అది ఆలస్యం కిందకే రాదు. నువ్వు 9:10కే రెండోది పంపేశావు! 2019 డిసెంబర్ 16 నుంచి నెఫ్ట్ రాత్రీ పగలూ, సెలవుల్లో కూడా నడుస్తోంది కాబట్టి, రాత్రయిందని పొద్దున్నదాకా ఆగిపోతుందన్న భయం కూడా అక్కర్లేదు.

తొందరగా చేరాలంటే ఐఎంపీఎస్ అని, అప్పటికప్పుడు డబ్బు పంపే పద్ధతి ఉంది. అది ఆటో, ఎక్కగానే కదులుతుంది, రూ.5 లక్షల దాకా పంపొచ్చు. రూ.2 లక్షలకి తక్కువ కాకుండా పంపేవాళ్లకి ఆర్‌టీజీఎస్ అనే ఇంకో పద్ధతి ఉంది, అందులో అవతలి బ్యాంకు అరగంటలో వేయాలి. నీ వ్యాపారానికి అంత పెద్ద మొత్తాలు రావాలని కోరుకుంటాను.

అయితే ఆటో దారిలో ఆగిపోయినప్పుడే అసలు చిక్కు. ఐఎంపీఎస్‌లోనూ ఫోన్‌పే, గూగుల్‌పే లాంటి యూపీఐలోనూ నీ బ్యాంకు డబ్బు కోసుకుని అవతలి బ్యాంకుని "వేశావా?" అని అడుగుతుంది. ఆ బ్యాంకు సర్వర్ ఔననీ కాదనీ చెప్పకపోతే, డబ్బు చేరిందో లేదో నీ బ్యాంకుకీ తెలియదు. ఫోన్‌లో 'పెండింగ్' అని కనిపించేది అదే. ఇద్దరి లెక్కలూ సరిచూసుకున్నాకే తేలుతుంది. అందుకే రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో ఒక గడువు పెట్టింది. అవతల చేరని డబ్బు మర్నాటికల్లా నీ ఖాతాకి తిరిగి రావాలి. రాకపోతే ఆ తర్వాత రోజుకి రూ.100 చొప్పున బ్యాంకు నీకివ్వాలి. దుకాణంలో స్కాన్ చేసి కట్టినదానికి మాత్రం ఐదు రోజుల గడువు. పెండింగ్ ఉన్నంతసేపు ఆ మొత్తాన్ని ముట్టుకోకు. అది 'ఫెయిల్' అని ఖాయమయ్యాకే మళ్లీ పంపు.

గడువు దాటిందా, అప్పుడు యుటిఆర్ నంబరు, అంటే నువ్వు పంపిన ఆ డబ్బుకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు తీసి అవతలివాడికి పంపు. నెఫ్ట్‌లో అది 16 అక్షరాలు, ఐఎంపీఎస్, యూపీఐలో 12 అంకెల రిఫరెన్స్ నంబరు. స్క్రీన్‌షాట్ చూపించి "పంపానండీ" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ నంబరు పట్టుకుని వెళ్తే ఆయన బ్యాంకు వెతకగలదు.

మన ఆంధ్రా–ఒడిశా సరిహద్దు ఊళ్లలో నేను బ్యాంకు కౌంటర్లో కూర్చుని చూసిన తగాదాల్లో చాలావరకు పేర్లవి, బ్యాంకు శాఖల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లవి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడ ఒడిశావాళ్లు చివర్న రాస్తారు. వెంకటరావుని ఒడియా గుమస్తా బెంకట రావు అని ఎక్కిస్తాడు, వాళ్ల నోట 'వ' పలకదు మరి. పేరు తేడాతో నెఫ్ట్ ఆగదు, అది ఖాతా నంబరు చూసే వేస్తుంది. ప్రమాదమూ అదే. ఒక్క అంకె తప్పితే ముక్కూమొహం తెలియనివాడి ఖాతాలో పడుతుంది, వాడు ఒప్పుకుంటేగానీ వెనక్కి తీయడం కష్టం. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్‌లో కూడా పంపేముందు అవతలి ఖాతా పేరు చూసుకునే వీలు పెట్టారు. బద్ధకించకుండా చూడు. బెంకటుడు కనబడితే కంగారుపడకు, ఫోన్ చేసి అడుగు.

కోడ్ సంగతి. మీ నాన్న దగ్గరున్న పాత పాస్‌బుక్కుల్లో ఆంధ్రా బ్యాంకు కోడ్లుంటాయి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, ఇప్పుడు కొత్త కోడే వాడాలి. గ్రామీణ బ్యాంకులు కూడా 2025 మే 1న అటు ఆంధ్రాలోనూ ఇటు ఒడిశాలోనూ కలిపేశారు. పాత కాగితం చూసి కొట్టిన డబ్బు ఎక్కడికీ పోదు, తిరిగొస్తుంది. కానీ ఈలోపు పని చెడుతుంది.

పోయినేడు నాకే జరిగింది. శ్రీకాకుళంలో మీ పెద్దక్కకి ఆసుపత్రి ఖర్చులకని ఇక్కడ ఒక బ్యాంకు శాఖలో నెఫ్ట్ ఫారం నింపి ఇచ్చాను. మర్నాటి నుంచి ఒడిశావాళ్ల రజో పండగ సెలవులు. ఆ శాఖవాళ్లు ఫారం ట్రేలో పడేసి తాళం వేసుకున్నారు. అక్కడ ఆంధ్రాలో బ్యాంకులు తెరిచే ఉన్నాయి, మీ అక్క రోజూ వెళ్లి అడుగుతోంది. కంప్యూటర్‌కి సెలవు లేదు గానీ కాగితానికి ఉంది. ముప్పై ఏళ్లు ఆ పనే చేసినవాణ్ని, నాకు తట్టొద్దూ!

బ్యాంకు పట్టించుకోకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకో. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు, 14448కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. గూగుల్‌లో దొరికిన 'కస్టమర్ కేర్' నంబర్లకి మాత్రం చేయకు. "డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ఓటీపీ చెప్పండి" అనేవాడు దొంగ. పొరపాటున చెప్పేస్తే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్.

పలాస ఆయనకి ఇవాళే మెసేజ్ పెట్టు. రెండు యుటిఆర్ నంబర్లూ రాసి, రెండోది పొరపాటున వచ్చింది, ఫలానా ఖాతాకి తిప్పి పంపండి అను. మర్యాదగా రాయి, ఆయనతో ఇంకా వ్యాపారం చేయాలి. నోటిమాటగా వదిలేస్తే ఎన్ని డబ్బాలకి ఎంత సర్దాడో వచ్చే నెలకి ఇద్దరికీ గుర్తుండదు.

మీ అత్తయ్య పెట్టిన ఆవకాయ ఉంది, ఆదివారం రైలెక్కి వస్తే ఇస్తుంది.

ఇట్లు,
మావయ్య