బ్రాకెట్లో ఆ సంవత్సరం ఎందుకు?

చిరంజీవికి,

నీ థీసిస్ రెండో అధ్యాయం చదివాను. విషయం బాగుంది. కానీ ప్రతి పేరా చివరా బ్రాకెట్లో నాలుగైదు పేర్లు గుత్తిగా వేలాడుతున్నాయి. అందులో ఏ మాట ఎవరిదో తెలియలేదు. రాయడమంతా అయ్యాక ఒక రాత్రి కూర్చుని అతికించావని నా అనుమానం. నేనూ చేసినవాణ్నేలే.

1881లో ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ అనే హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త గుల్లలేని నత్త మీద రాసిన వ్యాసంతో ఇలా బ్రాకెట్లో రచయిత పేరు, సంవత్సరం వేసే పద్ధతి మొదలైందంటారు. అంకెల పద్ధతిలో 7 అని కనబడితే అదెవరో చివరికెళ్లి వెతుక్కోవాలి. ఇక్కడ చదువుతూండగానే ఎవరు, ఎప్పుడు అన్నది తెలిసిపోతుంది. ఆ 'ఎప్పుడు'ని చిన్నచూపు చూడకు.

నా థీసిస్‌లో 1902 నాటి పుస్తకానికి, చేతిలో ఉన్న పునర్ముద్రణ చూసి, 1958 అని వేశాను. పైగా ఆ రచయిత 1930ల నాటి విమర్శకు జవాబిచ్చాడని కూడా రాసేశాను! వైవాలో పరీక్షకుడు నెమ్మదిగా, "అప్పటికి ఆయన బతికే ఉన్నాడా?" అన్నాడు. ఇలాంటి చోట ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలిలో 1902/1958 అని రెండూ వేస్తారు.

నువ్వు ఎవరితో వాదిస్తున్నావో వాళ్ల పేరు వాక్యంలోకే తెచ్చుకో: ఫలానా ఆయన (2011) ఇలా అన్నాడు, అని. ఊతంగా వాడుకున్న సంగతైతే బ్రాకెట్లో చాలు. మాటలు యథాతథంగా ఎత్తి రాస్తే పేజీ నంబరు తప్పదు. ఒకే మనిషి ఒకే ఏడాది రెండు రాస్తే 2006ఎ, 2006బి. ముగ్గురు, అంతకు మించి రచయితలుంటే మొదటి పేరు, పక్కన 'తదితరులు'. 2019లో వచ్చిన ఏపీఏ ఏడో కూర్పు మొదటిసారి నుంచే అలా రాయమంటుంది. కామాల గురించి టెన్షన్ పడకు, ఆధారాల జాబితా తయారుచేసే జొటెరో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. నువ్వు సంవత్సరం తప్పుగా ఇస్తే మాత్రం అదీ తప్పే వేస్తుంది.

ఇంకొకటి. మూడో పేరాలోని నాలుగు పేర్లు, నేను చదివిన ఒక సమీక్షా వ్యాసంలో అదే వరసలో ఉన్నాయి. మూలం చూడకపోతే ఎవరి ద్వారా తెలిసిందో వాళ్ల పేరు చెప్పాలి. ఆ నాలుగింటిలో నువ్వు తెరిచి చదివినవేవో రాసి పంపు. మిగతావి కొట్టేశాక ఆ పేరా నిలబడుతుందో లేదో చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు